క్రీము సంచులతో భద్రాచల ప్రయాణము

భద్రాచలమునకు పోవువారు రాములవారికి ముడుపు కట్టుకొని పోవుట మన దేశమున ఆచారము. ఈ ఫాల్గుణ మాసమున మేమును ఒక ముడుపు కట్టుకొని ఖమ్మము నుండి బయలుదేరితిమి. అయితే ఆ ముడుపు దేవునిది కాదు. భద్రాచలములోను, దాని చుట్టుపట్ల అడవి పల్లెలలోను ఉన్న ఎనిమిదిమంది స్త్రీలు ఇంటి ఖర్చులలో మిగిల్చి కూడబెట్టి మా చేతికప్పగించిన పైకమది. ఆ పైకముతో కేకుల అలంకరణ నేర్చుకొనుటకు కావలసిన సరుకులు కొని, వెంట తీసికొనిపోయి, వారము దినములు వారికి ఆ పని నేర్పి రావలెను. మేమనగా మేమిద్దరము తోడికోడండ్రము. పెద్దది పాఠము చెప్పును. చిన్నది పద్దు వ్రాయును.

ఆ స్త్రీలు మొదట తామే సరుకులు తెప్పించుకొనవలెనని తలచిరి. ఫోనులో కనబడిన ఒక పెట్టె బొమ్మను మాకు పంపి, "అక్కగారూ, ఇందులో నూరు వస్తువులున్నవట, ఇది కొనమందురా?" అని అడిగిరి. నాజిళ్ళు, సంచులు, దువ్వెనలు, అచ్చులు, ఎందుకో మాకే తెలియని చిన్న చిన్న పనిముట్లు, అన్నియు ఆ పెట్టెలో కిక్కిరిసి ఉన్నవి. "తొందరపడవద్దు. మేము ఖమ్మములో స్వయముగా చూచి, చేతితో పట్టి కొని తెచ్చెదము" అని బదులు చెప్పితిమి.

మేమట్లు చెప్పుటకు కారణము లేకపోలేదు. రెండేండ్లక్రితము మా యింటనే పదిమందికి ఈ పని నేర్పితిమి. అప్పుడు మేము విద్యార్థినుల చేతికి ముప్పది వస్తువుల పట్టీ ఒకటి ఇచ్చితిమి. ఏది ముఖ్యమో ఏది కాదో అందులో చెప్పలేదు. సారపాకనుండి పుట్టింటికి వచ్చియున్న ఒక కోడలు, పండుగకు చీర కొనుక్కొమ్మని తల్లి ఇచ్చిన పైకముతో, పట్టీలోనివన్నియు చవుకగా దొరకునని అట్టి పెట్టెనే ఒకటి కొన్నది. మూడవనాడు ఆమె చేతిలోని సంచి అతుకు దగ్గర చిట్లి, గులాబిరంగు క్రీము చీరమీదను కేకుమీదను పడినది. పక్కవారు నవ్విరి. మాకును నవ్వు వచ్చినది, ఆపుకొనలేదు. నాలుగవనాడు ఆమె రాలేదు. "నా చెయ్యి ఈ పనికి మంచిది కాదు" అని కబురు మాత్రము పంపినది. చెడ్డది చేయి కాదు, సంచి అని చెప్పవలసినవారము మేము, ఆనాడు చెప్పలేదు. ఈ ప్రయాణమున దారిలో సారపాకలో దిగి ఆమెను చూడవలెనని మేమిద్దరమును అనుకొంటిమి.

ఖమ్మము మా ఊరే గనుక దానిని గూర్చి అతిగా చెప్పుట తగదు. గుట్టమీద నరసింహస్వామి, ఆ గుట్టవలననే ఊరికి స్తంభాద్రి అను పేరు, మరియొక కొండమీద పాతకోట. ఆ రెంటి నడుమ బజారులు. అందొకచోట బేకరీ సరుకులమ్ము అంగడి ఉన్నది. అంగడి యజమాని వయసువారు. మేము బాబాయిగారని పిలుతుము. ఆయనయు ముందుగా ఆ పెద్ద పెట్టెనే మా ముందు పెట్టి, "అమ్మా, దీంతో అన్నీ అయిపోతాయి" అనిరి. మా చిన్నది నవ్వి, "బాబాయిగారూ, ఎనిమిదిమంది సొమ్ము. ఒక్కొక్క వస్తువు ఎందుకో నాకు చెప్పినదాకా పద్దు వ్రాయను" అన్నది.

ముందుగా సంచుల మాట. పైపింగు సంచి అనగా మొనవద్ద చిల్లుగల గరాటు వంటి సంచి. మొనలో నాజిలు దిగవేసి, లోపల క్రీము నింపి పిండినచో, నాజిలు కంతను బట్టి పూవో, ఆకో, గవ్వో వచ్చును. మన జంతికల గొట్టములో బిళ్ళ మార్చినట్లే ఇందు నాజిలు మార్పు. సంచులు ముఖ్యముగా నాలుగు విధములు.

మొదటిది ఒకసారి వాడి పారవేయు ప్లాస్టిక్ సంచి. శుభ్రతకు మంచిది, పాలక్రీము వాడునపుడు ఇదే మేలు. కాని పలుచనిది కొనరాదు. రెండు వ్రేళ్ళ నడుమ పట్టి రుద్దినపుడు గరగరలాడుచు ముడుతలు పడునది చిట్లును. మెత్తగా దళసరిగా ఉండునది నిలుచును. ఇంకొక పరీక్ష కలదు. సంచిలో సగము వరకు నీరు పోసి, పైన మెలిపెట్టి గట్టిగా పిండవలెను. అతుకు వెంట చెమ్మ కనబడినచో ఆ కట్ట వలదు. అంగడిలో మేమట్లు పరీక్షించుచుండగా బాబాయిగారు ముందు విసుగుకొనిరి. రెండవ రకము సంచి ఆయన ఎదుటనే బల్లమీద చిట్లగా, తామే లేచి లోపలినుండి మంచి కట్ట తెచ్చిరి.

రెండవది లోపల పూతగల గుడ్డ సంచి. ఏండ్ల తరబడి వచ్చును. అయితే వాడిన వెంటనే వేడినీటితో సబ్బుపెట్టి కడిగి, తిరుగవేసి, సీసామీద బోర్లించి ఆరబెట్టవలెను. తడి ఉన్నచో బూజుపట్టి వాసన వేయును. వానకాలమున గోదావరి ఒడ్డున ఇది ఆరుట కష్టము. మూడవది సిలికోను సంచి. ఉతుకుట తేలిక, కాని నేతిచేతులకు జారును. దళసరి గనుక లోపలి క్రీము ఎంత మెత్తగా కదలుచున్నదో కొత్తచేతికి తెలియదు. నాలుగవది బటర్ పేపరుతో మనము చుట్టుకొను పొట్లము. దీనిని గూర్చి తరువాత చెప్పెదము.

కొలతలు అంగుళములలో ఉండును. పెద్ద బేకరీవారు 16, 18 అంగుళముల సంచులు వాడుదురు. నేర్చుకొను ఆడవారి పిడికిలికి 12 అంగుళములది చాలును. పెద్ద సంచి కొన్నచో నిండుగా నింపవలెననిపించును. నింపినచో పైనుండి క్రీము పొంగి మణికట్టు మీదికి వచ్చును. అందుచేత మేము 12 అంగుళముల దళసరి ప్లాస్టిక్ సంచులు ఒక కట్టయు, మనిషికొక గుడ్డ సంచియు కొంటిమి. సిలికోనువి విడిచితిమి.

నాజిళ్ళకు అంకెలుండును. అమెరికాలో చికాగో నగరమున డ్యూయీ మెకిన్లీ విల్టన్ అను మిఠాయి పనివాడు 1929లో ఇంటనే కేకుల అలంకరణ తరగతులు ప్రారంభించెను. ఆయన పేరిట వచ్చిన సంస్థ వేసిన అంకెలే నేడు ఖమ్మము అంగడిలోను వినబడును. కొందరు తయారీదారులు తమ అంకెలు వేరుగా వేయుదురు గనుక అంకెతోబాటు కంతను కూడ కంటితో చూచి కొనవలెను. కొత్తవారికి అయిదే చాలునని మా అనుభవము: అక్షరములకును చుక్కలకును గుండ్రని కంతగల 3వది, గవ్వల వరుసకు నక్షత్రపు కంతగల 21వది, గులాబి రేకులకు 104వది, ఆకులకు 352వది, ఒక్కతిప్పుతో పెద్ద పూవు వేయుటకు 1ఎం అను పెద్దది. ఈ అయిదింటితో పుట్టినరోజు కేకుమీద వేయదగినది దాదాపు అంతయు వేయవచ్చును.

నాజిలు కొనునపుడు మొన పక్కన అతుకు ఉన్నదో లేదో గోటితో తడిమి చూడవలెను. అతుకు తేలియున్నచో గీత చీలి వచ్చును. స్టెయిన్‌లెస్ స్టీలువి తుప్పుపట్టవు. తగరపు పూతవి చవుకయే కాని రెండు వానకాలములు నిలువవు. కప్లరు అను రెండు ముక్కల ప్లాస్టిక్ బిగింపు ఒకటి ఉన్నది. అది ఉన్నచో సంచి ఖాళీ చేయకుండగనే చిన్న నాజిళ్ళు మార్చుకొనవచ్చును. పెద్దదగు 1ఎం మాత్రము దానికి పట్టదు. సంచిలోనికి నేరుగా దిగవేయవలెను.

ఇక కేకును త్రిప్పు పీట. దీనిలో లోభము పనికిరాదు. తేలికది కేకు బరువుకు ఊగులాడును. ఊగినచో ఎంత మంచి చేయియైనను గీత వంకరపోవును. కాని మనిషికొకటి అక్కరలేదు గనుక ఎనిమిదిమందికి రెండు బరువైన పీటలు కొంటిమి. మెడవంగిన పాలెట్ కత్తులు నాలుగు. అంచు చదునుచేయు స్టీలు బిళ్ళలు నాలుగు. రంగులు జెల్ రూపమున ఎరుపు, పసుపు, నీలము మూడే, తక్కినవి కలుపుకొనవచ్చును. సీసామీద ఆహారమునకు అనుమతి పొందిన రంగు అను మాటయు, ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. లైసెన్సు సంఖ్యయు చూచి కొంటిమి. మన దేశమున తిండిలో వాడ దగిన కృత్రిమపు రంగులు ఎనిమిది మాత్రమే. అవియు చాల వానిలో కిలోకు 100 మిల్లీగ్రాములకు మించరాదని నియమము. సంతలో పొట్లముగా కట్టి అమ్ము పేరులేని రంగుపొడి ఎంత చవుకయైనను పిల్లలు తిను వస్తువులో వేయరాదు.

చివరకు మూతగల స్టీలు డబ్బాలు ఎనిమిది కొంటిమి. మా చిన్నది ఆశ్చర్యపడి, "ఇవి ఎందుకు?" అన్నది. ఒక్కొక్కరి సంచి, నాజిళ్ళు, కప్లరు, ఒక డబ్బాలో పట్టవలెను. పట్టనిది కొత్తవారికి అక్కరలేనిది. ఇది మేము ముప్పది వస్తువుల పట్టీ వ్రాసినందులకు మాకు మేము పెట్టుకొన్న శిక్ష.

మరునాడు తెల్లవారుజామున బస్సెక్కితిమి. తెలంగాణమున 2023 డిసెంబరు 9 నుండి స్త్రీలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో టిక్కెట్టు ఖర్చు లేదు గదా! ఆ మిగిలిన పైకమే రెండవ త్రిప్పుడు పీట అయినదని మా చిన్నది పద్దులో వ్రాసికొన్నది. ఖమ్మము నుండి భద్రాచలము సుమారు 120 కిలోమీటర్లు. 2016 అక్టోబరు వరకు ఇదంతయు ఒకటే జిల్లా; ఇప్పుడు జూలూరుపాడు మొదలు అవతలిది భద్రాద్రి కొత్తగూడెము జిల్లా. ఏన్కూరు దాటి జూలూరుపాడు చేరుసరికి పత్తిచేలు తగ్గి చెట్లు దగ్గరపడినవి. ఆకులు రాలిన అడవిలో మోదుగులు మాత్రము ఎర్రగా పూచియున్నవి. ఆ రంగు చూచి మా చిన్నది, "అక్కా, నీ ఎరుపు సీసా దీని ముందు ఎందుకు?" అన్నది. నిజమే.

కొత్తగూడెము సింగరేణి బొగ్గుగనుల సంస్థకు ముఖ్యస్థానము. భద్రాచలమునకు రైలు లేదు. భద్రాచలం రోడ్ అను పేరుగల స్టేషను ఇచటనే ఉన్నది. ఎండలకు ఈ ఊరు ప్రసిద్ధి. వైశాఖమున 45 డిగ్రీలు దాటిన దినములు కలవు. ఫాల్గుణముననే పదిగంటలకు బస్సు కిటికీ ఇనుము చేతికి కాలినది. మా కాళ్ళవద్ద థర్మోకోలు పెట్టెలో మంచుగడ్డల నడుమ క్రీము డబ్బాలున్నవి. కొబ్బరి, తాటిగింజల నూనెలతో చేయు ఈ విప్ క్రీము పాలక్రీముకంటె ఎండకు కొంత తాళును. అయినను అమ్మువరకు గడ్డకట్టించియే ఉంచవలెను. ఒకసారి కరిగినదానిని తిరిగి గడ్డకట్టించరాదు. వెన్నయైతే 30 డిగ్రీలు దాటగనే మెత్తబడి రూపు విడుచును. చల్లని దేశములవారు వ్రాసిన పుస్తకములలో క్రీమును గదిలో ఉంచుమని చెప్పుదురు. ఆ గది మన కొత్తగూడెములోనిది కాదు.

పాల్వంచ వచ్చినది. విద్యుత్కేంద్రపు పొగగొట్టములు దూరమునుండియే కనబడును. కంచర్ల గోపన్న ఈ పాల్వంచ పరగణాకే తహశీలుదారుగా నుండి, సర్కారు సొమ్ముతో భద్రాద్రి గుడి కట్టించి, గోలకొండలో చెరసాల పాలయ్యెనని పదునేడవ శతాబ్దపు కథ మనకందరకు తెలిసినదే. ఒకరి సొమ్ముతో మరియొకరు సరుకులు కొన్నపుడు లెక్క చెప్పక తప్పదు. మా చిన్నది పద్దుపుస్తకమును ఒడిలోనికి లాగికొన్నది.

పాల్వంచ దాటిన పిమ్మట అడవి మరల దగ్గరకు వచ్చును. తునికి, అడ్డతీగ, ఇప్ప. దారిపక్క కోయస్త్రీలు అడ్డాకు కట్టలు తలపై పెట్టుకొని పోవుచుండిరి. ఆ ఆకులనే వెదురు పుల్లలతో కుట్టి విస్తళ్ళు చేయుదురు.

సారపాకలో దిగితిమి. ఇచట కాగితపు అట్టల కర్మాగారము 1979 నుండి పనిచేయుచున్నది. మేము వెదకిన ఇల్లు ఒక చిన్న మిఠాయి అంగడి వెనుక ఉన్నది. అంగడి ఆమె మామగారిది. మమ్ము చూచి ఆమె తలుపువద్దనే నిలిచిపోయినది. తరువాత "రండి అక్కా, ఎండన పడి వచ్చిన్రు" అని మంచినీళ్ళిచ్చినది. కుశల ప్రశ్నలైన పిమ్మట మేము రెండేండ్లనాటి మాట ఎత్తితిమి. "అమ్మా, ఆనాడు చిట్లినది సంచి. నీ చేతిలో దోషము లేదు. ఏది కొనవలెనో చెప్పకపోవుట మా తప్పు. నవ్వుట అంతకంటె తప్పు" అంటిమి. ఆమె ఏమియు అనలేదు. లోపలికి పోయి, పాతచీర ముక్కలో చుట్టియున్న పెట్టెను తెచ్చి మా ముందు పెట్టినది. నలువది ఎనిమిది నాజిళ్ళు. అందు రెండో మూడో వాడినవి. తక్కినవి వాడకుండగనే తుప్పుపట్టినవి. "పారెయ్యబుద్ధి కాలేదక్కా. అమ్మ ఇచ్చిన పైసలు" అన్నది.

అప్పుడే అంగడిలో మామగారు జాంగ్రీలు వేయుచుండిరి. చతురస్రపు దళసరి గుడ్డ. నడుమ ఒక కన్నము. కన్నము చుట్టును దారముతో గట్టిగా కుట్టిన అంచు. అందు మినపపిండి సగము వేసి, నాలుగు మూలలు కూర్చి మెలిపెట్టి, పిడికిట పట్టి కాగు నూనెపై వలయము మీద వలయముగా తిప్పుచున్నారు. ఒక్కటియు వంకరపోలేదు. మేము లేచి వెళ్ళి చూచితిమి. ఆమె కూడ మా వెనుక వచ్చినది. "మామా, గుడ్డ నిండ ఎందుకు పొయ్యవు?" అని మేమడుగకముందే ఆమె అడిగినది. ఆయన పనిలోనుండి తల ఎత్తకయే, "నిండ పోస్తే పిండి మాట వినదమ్మా. సగం పోసి మెలిపెట్టి, పైచెయ్యి నొక్కాలె, కిందిచెయ్యి దారి చూపాలె" అనిరి.

మేము తరగతిలో గంటసేపు చెప్పు పాఠము ఆయన రెండు మాటలలో చెప్పిరి. క్రీము సంచి పట్టుటకును ఇదియే సూత్రము. సగమునకు మించి నింపరాదు, పైన మెలిపెట్టవలెను, బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ మెలిని బిగించి పైచేతితో నొక్కవలెను, క్రిందిచేయి మొనను నడుపుటకే, నొక్కుటకు కాదు. సంచి మొన కత్తిరించునపుడు కూడ నాజిలు మూడవవంతు మాత్రమే బయటికి కనబడునట్లు కత్తిరించవలెను. ఎక్కువ కత్తిరించినచో నొక్కగనే నాజిలు జారి కేకుమీద పడును. ఆ తుప్పుపట్టిన పెట్టెలో సంచి మొన ఇంకను ఉన్నది; మేము చూచితిమి, ఆమె సరిగానే కత్తిరించినది.

"మాతో వత్తువా? తొమ్మిదవ డబ్బా మా ఖర్చు" అంటిమి. ఆమె మామగారి వంక చూచినది. ఆయన జాంగ్రీని పాకములో వేయుచు, "పోయిరా తల్లీ. ఏటి అవతలే గదా" అనిరి.

సారపాకకును భద్రాచలమునకును నడుమ గోదావరి. 1965లో కట్టిన వంతెనతోబాటు ఇప్పుడు రెండవ వంతెనయు ఉన్నది. ఫాల్గుణమున నది ఇసుకతిన్నెల నడుమ సన్నగా పారుచున్నది. కాని భద్రాచలమువారు నదిని అడుగులలో లెక్కింతురు: 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. 1986 ఆగస్టున 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు వచ్చినది. మేము బసచేసిన ఇల్లాలు 2022లో బియ్యపు డబ్బా, పిల్లల పుస్తకములు మాత్రము పట్టుకొని ఇల్లు విడిచి పోయినదట. మా స్టీలు డబ్బాను చేతబట్టి బరువు చూచి, "ఇదైతే వరదొచ్చినా చంకన పెట్టుకొని పోవచ్చు" అన్నది. మేము కొనునపుడు తలచని ప్రయోజనమిది.

రాములవారి దర్శనము చేసికొని మరునాడే తరగతి ఆరంభించితిమి. యాత్రికుల ఊరు గనుక గ్రుడ్డులేని కేకులే అడుగువారెక్కువ. అయినను మొదటి మూడు దినములు కేకు ముట్టనీయలేదు. వనస్పతిలో మెత్తని పంచదారపొడి కలిపి గట్టిగా గిలక్కొట్టి, బోర్లించిన స్టీలుపళ్ళెము మీద గవ్వలు, చుక్కలు, ఆకులు వేయించితిమి. వేసినదానిని పాలెట్ కత్తితో గీకి తీసి మరల సంచిలో నింపుకొనవచ్చును. ఒక్క ముద్దతోనే మూడు దినములు సాగును. నేర్చుకొనుటకు ఖరీదైన క్రీము వాడుట పిల్లలు వ్రాతకు బంగారు పలక వాడుటవంటిది. నక్షత్రము వేయునపుడు సంచి నిట్టనిలువుగా, గవ్వ వేయునపుడు ఏటవాలుగా ఉండవలెను. గులాబిరేకునకు నాజిలు కంతలో వెడల్పు కొన క్రిందికి, సన్నని కొన పైకి. నొక్కుట ఆపిన తరువాతనే సంచి ఎత్తవలెను. ముందే ఎత్తినచో తోక వచ్చును. నిత్యము వాకిట ముగ్గుపెట్టు చేతులకు ఈ సంగతి ఒక్కపూటలో తెలిసినది. పిండి విడుచుట ఎప్పుడు ఆపవలెనో వారి వ్రేళ్ళకు ముందే తెలుసు.

రెండవనాడు తప్పు మేము చేసితిమి. భోజనములైన పిమ్మట తరగతి పెట్టితిమి. రేకుల కప్పు క్రింద ఎండ వేడికిని చేతి వేడికిని సంచులలో ముద్ద నీరసపడి, గవ్వలన్నియు గేదె అడుగులవలె పరచుకొనినవి. సారపాక కోడలు సంచి క్రింద పెట్టి మా ముఖము చూచినది. ఈసారి వెంటనే చెప్పితిమి, "నీ చేయి కాదమ్మా, మా వేళ." మరునాటినుండి ఉదయము ఆరింటికే కూర్చుంటిమి. సంచిలో నాలుగు చెంచాలే నింపుట, తక్కినది మంచునీటి గిన్నెలో ఉంచుట, రెండు సంచులు వంతులవారీగా వాడుట అలవాటు చేసితిమి.

విద్యార్థినులలో ఒకామె అడవి పల్లెనుండి వచ్చు కోయ సోదరి. ఆమె మొదటనే తన సంగతి చెప్పినది. గాలివాన వచ్చినచో వారి పల్లెలో రెండు దినములు కరెంటుండదు, ఫ్రిజ్ లేదు. విప్ క్రీము ఆమెకు పనికిరాదు. పాల్వంచలో పుట్టు విద్యుత్తు పక్క పల్లెకు చేరకపోవుట మా చేతిలోని పని కాదు. కాని ఆమె పైకము వ్యర్థము కాకుండ చూచుట మా పనియే. ఆమెకు బటర్ పేపరు పొట్లము నేర్పితిమి. చదరపు కాగితమును మూలనుండి మూలకు కత్తిరించి, త్రికోణపు పొడవైన అంచునకు నడుమ మొన వచ్చునట్లు చుట్టి, పైకొనలు లోపలికి మడువవలెను. క్రీము నింపిన తరువాతనే మొన కత్తిరించవలెను. సన్నగా కత్తిరించిన గీత వచ్చును. రెండువైపుల ఏటవాలుగా కత్తిరించిన ఆకు వచ్చును. నాజిలు అక్కరలేదు, కడుగుట అక్కరలేదు, ప్లాస్టిక్ చెత్తయు లేదు. తక్కినవారు గోరింటాకు కోనులు చుట్టిన అలవాటుతో నాలుగైదు పొట్లములు పాడుచేసి నేర్చిరి. ఆమె, అడ్డాకు దొప్పలు కుట్టిన చేయి గనుక, రెండవదే జల్లునీరు కారనంత బిగువుగా చుట్టినది. పంచదారపొడిని నీటితో, నిమ్మరసముతో కలిపి చేయు ఐసింగు ఫ్రిజ్ లేకయే ఆరి గట్టిపడును. తమ పల్లె పాఠశాలలో పుట్టినరోజులకు బిస్కెట్ల మీద పిల్లల పేర్లు వ్రాసి అమ్మెదనని ఆమె అన్నది. ఆమె డబ్బాలోనుండి కప్లరును, గుడ్డసంచిని తీసి, వాని వెల తిరిగి ఇచ్చి, బదులుగా బటర్ పేపరు చుట్ట పెట్టితిమి. అందరికి ఒకే పట్టీ వ్రాయుట ఎంత తప్పో మాకు మరల తెలిసినది.

ఏడవనాడు కేకులకు అలంకరణ చేయించితిమి. అన్నియు బాగున్నవని చెప్పము. ఒకరి గులాబి క్యాబేజీవలె వచ్చినది. ఒకరు "శుభాకాంక్షలు" వ్రాయబోగా చివరి అక్షరములకు చోటు చాలలేదు. సారపాక కోడలు తన కేకు చుట్టును 21వ నాజిలుతో గవ్వల వరుస పెట్టినది. మొదలుపెట్టిన గవ్వకు చివరి గవ్వ వచ్చి తగులువరకు ఆమె ఊపిరి బిగబట్టి ఉండుట చూచితిమి. మేమును అట్లే ఉంటిమి. సంచి చిట్లలేదు.

ఆ సాయంకాలము మా చిన్నది అందరి ముందు పద్దు చదివి, మిగిలిన పైకము సమముగా పంచి ఇచ్చినది. నూరు వస్తువుల పెట్టె కొనియున్నచో మిగులు ఉండెడిది కాదు. వానకాలము వచ్చువరకు వీరిలో ఎందరు కేకులు అమ్మెదరో మేము చెప్పలేము. నలుగురు మాత్రము శ్రీరామనవమి రద్దీ తగ్గిన పిమ్మట కలిసి ఒక ఓవెను కొనవలెనని మాటలాడుకొనుచుండిరి.

తిరుగు ప్రయాణమున సారపాకలో బస్సు ఆగినపుడు ఆమె దిగిపోయి, మరల పరుగున వచ్చి కిటికీలోనుండి కాగితపు పొట్లమొకటి మా చేతిలో పెట్టినది. మామగారి జాంగ్రీలు, ఇంకను వెచ్చగా ఉన్నవి. పొట్లము విప్పబోయిన మా చిన్నది ఆగి, దానిని త్రిప్పి చూచినది. పొడవైన అంచునకు సరిగా నడుమ మొన. పైకొనలు లోపలికి మడిచియున్నవి. పాకము ఒక్క చుక్కయు కారలేదు.